తీగ తెగిపోయిందని పచ్చి గుమ్మడికాయలు పారెయ్యబాకండి, ఎట్టా వండుకోవాలో చెప్తా

2023 డిసెంబర్లో మిచౌంగ్ తుపాను గుర్తుందా, 5వ తారీకు మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది, దాటేదాకా మాత్రం మా నెల్లూరు జిల్లాని వానతో వాయించేసింది. మాది కావలి పక్కన. పెరట్లో రేకుల షెడ్డు మీదకి ఎక్కించిన గుమ్మడి తీగ ఒకటి ఉండేది, వినాయక చవితికి గింజ పెట్టింది, ఈసారి సంక్రాంతికి గుమ్మడికాయ కొనే పనే లేదని అందరికీ చెప్పుకున్నా కూడా. ఆ గాలికి ఒక రేకు లేచింది, రేకుతో పాటు తీగ లేచింది, మొదలు దగ్గర పుటుక్కున తెగింది. తెరిపిచ్చాక పోయి చూస్తే బురదలో పదకొండు కాయలు, పిడికిలంత పిందె దగ్గర్నించి మూడు కేజీల కాయ దాకా, ఒక్కటంటే ఒక్కటి పండలేదు.

నేను చేసిన మొదటి తెలివితక్కువ పని ఏందంటే అన్నిట్లో పెద్ద కాయ కోసి హల్వా చెయ్యడం. తురిమా, నెయ్యి పోశా, చక్కెర పోశా, అది ఊరికే నీళ్ళు వదులుతానే ఉంది, గంట తిప్పినా దగ్గరపడలేదు, రంగు చూస్తే లేత పచ్చ, వాసన చూస్తే పచ్చి దోసకాయ. మా ఆయన ఒక స్పూన్ నోట్లో పెట్టుకోని "ఏందిది, సొరకాయ పాయసమా" అన్నాడు. పావు కేజీ నెయ్యి ఆ రోజు నేలపాలు.

అప్పుడు అత్తమ్మకి ఫోన్ చేశా. ఆమెది కందుకూరు, 2022లో ఆ ఊరిని ప్రకాశం నించి తీసి మా జిల్లాలో కలిపారు కానీ ఆమె మాట మాత్రం మారలా, మేం అనుకోబాక అంటే ఆమె అనుకోమాక అంటది. "దాన్ని పండు అనుకోమాకమ్మాయ్, సొరకాయ అనుకో, సొరకాయతో ఏం చేస్తావో అయ్యన్నీ చెయ్యి" అంది. అంతే, ఆ ఒక్క మాటతో మిగతా పది కాయలు దారిలో పడ్డాయి. పండిన గుమ్మడికాయకి దాని తీపి దానికే ఉంటది, పచ్చిదానికి సొంత రుచి అంటూ పెద్దగా ఏమీ ఉండదు, మనం ఏది పెడితే అది పట్టుకుంటది, పులుపో కారమో రొయ్యో. కాయలో పిండి పదార్థం చేరి తీపి ఎక్కేది, పసుపు రంగు తిరిగేది చివర్లోనే, అందుకని ముందే కోస్తే తీపి వంటకాలకి అస్సలు పనికిరాదు. సిటీల్లో సూపర్ మార్కెట్లో అంతంత రేటు పెట్టి అమ్మే జుకినీ కూడా గుమ్మడి జాతిదే, లేతగా ఉన్నప్పుడే కోసేసిన కాయ, అంతకన్నా అందులో ఏమీ లేదు.

ఒక మాట ముందే చెప్తున్నా, ఇదంతా కూర గుమ్మడి గురించి, అదే తీపి గుమ్మడి. ఇంటి ముందు దిష్టికి కట్టే బూడిద గుమ్మడి వేరు, దాని సంగతి ఇప్పుడు మాట్లాడటం లేదు.

వండే ముందు కాయ వయసు తెలుసుకోవాల. దీనికి బొటనవేలి గోరు చాలు. తోలు మీద గోరు పెట్టి నొక్కితే వెన్నలోకి దిగినట్టు దిగిపోయిందంటే లేత పిందె, తోలూ గింజా అన్నీ తినెయ్యొచ్చు. గోరు దిగుద్ది కానీ కొంచెం బలం పెట్టాల్సొచ్చింది, గాటు దగ్గర జిగురు బొట్టు కట్టింది అంటే నడీడు కాయ, తోలు తీసి వండాల. గోరు గీత కూడా పడలేదు, కానీ తొడిమ ఇంకా పచ్చగానే ఉంది అంటే అది ముదిరింది గానీ పండలేదు, దాని కథ వేరే, చివర్లో చెప్తా. బాగా పండిన కాయకి తొడిమ ఎండి బెండులాగా అవుద్ది, అట్టాంటిది మీ దగ్గరుంటే ఇది చదవాల్సిన పనే లేదు.

కోసిన వెంటనే ఏ కాయైనా సరే గోరంత ముక్క తీసి పచ్చిదే నాలుక మీద పెట్టుకోని చూడండి. చప్పగా ఉండాల, లేదా కొంచెం పసరుగా. చేదు తగిలిందా, ఉమ్మేసి నోరు కడుక్కోని కాయ మొత్తం అవతల పారేయండి. సొర, గుమ్మడి, దోస జాతుల్లో ఎప్పుడన్నా ఒక కాయకి చేదు పడుద్ది, ఆ చేదు ఉడకబెట్టినా పోదు, ఉప్పులో పిసికినా పోదు, వాంతులు విరేచనాలు పట్టుకుంటాయి. చేదు సొరకాయ రసం తాగి ప్రాణం మీదకి తెచ్చుకున్నోళ్ళు ఉన్నారు, తాగొద్దని దేశంలో వైద్య పరిశోధన చూసే ఐసీఎంఆర్ వాళ్ళు కూడా చెప్పారు. పదిరూపాయల కాయ కోసం సెలైన్ ఎక్కించుకునే పని పెట్టుకోబాకండి. చెత్తకుప్పలో దానంతట అదే మొలిచిన తీగ కాయలైతే ఇంకొంచెం జాగ్రత్త, అది ఏ విత్తనమో ఏ పుప్పొడి కలిసిందో మనకి తెలియదు కదా.

ఇంకోటి, పచ్చి కాయ కోస్తే జిగురు కారుద్ది. చేతికి అంటుకోని ఆరిపోయాక చర్మం బిగుసుకోని ఫెవికాల్ పూసినట్టు పొర కట్టుద్ది, సబ్బుతో రుద్దినా ఒక పట్టాన పోదు. పనసకాయ కోసేటప్పుడు పూసుకున్నట్టే చేతికి, కత్తికి కొంచెం నూనె రాసుకోండి. ముక్కలు కోసినవి కోసినట్టు నీళ్ళలో వెయ్యండి, జిగురు పోద్ది.

సరే, పిందెల దగ్గరికొద్దాం. నాకు పిడికిలంత పిందెలు నాలుగు దొరికాయి. తోలు తియ్యబాకండి, తొడిమ, కొస కోసేసి గుండ్రంగా చక్రాల్లాగా అర అంగుళం మందాన తరుక్కోండి. అర స్పూన్ ఉప్పు చల్లి పావుగంట పక్కన పెట్టండి, ముక్కలు చెమట పట్టినట్టు నీళ్ళు వదులుతాయి, పచ్చి గుమ్మడిలో 90 పాళ్ళకి పైనే నీళ్ళు, ఈ నీళ్ళని ముందే బయటికి తోలకపోతే బాండ్లిలో వేపుడు కాదు, ఉడుకుడు అవుద్ది. పిండినట్టు కాకుండా రెండు అరచేతుల మధ్య పెట్టి ఒత్తండి చాలు. తర్వాత వెడల్పు బాండ్లిలో రెండు స్పూన్ల నూనె, ఆవాలు, జీలకర్ర, ఎండు మిరక్కాయ, కచ్చాపచ్చాగా దంచిన తెల్లగడ్డలు ఒక ఆరు, కరేపాకు, ముక్కలు పరిచినట్టు వెయ్యండి, మంట బాగా పెట్టి, మూత పెట్టకుండా, తిప్పకుండా మూడు నిమిషాలు వదిలేయండి. అడుగు ఎర్రబడ్డాక తిరగేసి ఇంకో మూడు నిమిషాలు. దించే ముందు వేయించిన శెనక్కాయల పొడి రెండు స్పూన్లు, కారం ఒక స్పూన్. ఉప్పు చూసి వేసుకోండి, ముందే వేసాం కదా, నేను మర్చిపోయి మళ్ళీ వేశా, ఆ రోజు ఇంట్లో అందరూ మజ్జిగ కడవ ఖాళీ చేశారు. ఈ వేపుడు పప్పన్నంలోకి, మజ్జిగన్నంలోకి బాగుంటది, సాంబార్లోకి అంత కుదరదు.

ఇక అసలుది, నడీడు కాయ ఎండురొయ్యల కూర. సముద్రం పక్కనోళ్ళం, మాకు సొరకాయ అంటేనే ఎండురొయ్య గుర్తొస్తది, పచ్చి గుమ్మడి సొరకాయ కన్నా ఇంకా బాగా కుదురుద్ది ఎందుకంటే ముక్క తొందరగా చిదిరిపోదు, రొయ్య రసం లోపలిదాకా తాగుద్ది. అర కేజీ ముక్కలకి గుప్పెడు ఎండురొయ్యలు చాలు. రొయ్యల్ని పొడి బాండ్లిలో సన్న మంట మీద వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక తలలు తోకలు తుంచేసి, వేడి నీళ్ళలో రెండుసార్లు కడగండి, ఈ కడగడంలో బద్దకిస్తే పంటి కింద ఇసక. కాయని నాలుగు చెక్కలు చేసి, మధ్యలో పీచు, గింజలు చూడండి, గింజ గోటితో నొక్కితే పుటుక్కుమంటే అట్టానే ఉంచండి, పైన పెంకు కట్టుంటే పీచుతో సహా స్పూన్‌తో గీకేయండి. తోలు మందంగా కాకుండా పల్చగా తీసి పక్కన పెట్టండి, పారెయ్యబాకండి, దాంతో పని ఉంది. ముక్కలు బొటనవేలంత.

నూనె మూడు స్పూన్లు, ఇక్కడ పిసినారితనం వద్దు. తాలింపు గింజలు, రెండు ఎర్రగడ్డలు సన్నగా తరిగి, నాలుగు పచ్చిమిరక్కాయలు చీల్చి వేసి ఎర్రగడ్డ మెత్తబడ్డాక రొయ్యలు వేసి రెండు నిమిషాలు వేయించండి, ఆ తర్వాత గుమ్మడి ముక్కలు, పసుపు. ఇక్కడే ఒక కిటుకు ఉంది, ముక్కలు వేసిన వెంటనే మూత పెట్టేస్తే పసరు వాసన కూరలోనే ఉండిపోద్ది, ఐదు నిమిషాలు మూత లేకుండా తిప్పుతా ఉండండి, ముక్క అంచులు అద్దంలాగా మారతాయి, పచ్చి వాసన ఆవిరితో పోద్ది, అప్పుడు ఉప్పు, కారం రెండు స్పూన్లు, ధనియాల పొడి ఒక స్పూన్ వేసి మూత పెట్టండి. నీళ్ళు పొయ్యబాకండి, చుక్క కూడా. ముక్కలే నీళ్ళు వదులుతాయి, పది పన్నెండు నిమిషాల్లో ఉడుకుద్ది. చివర్లో నిమ్మకాయలో సగమంత చింతపండు పిండిన పులుసు చిక్కగా పోసి దగ్గరికి రానివ్వండి. వేసవిలో అయితే చింతపండు బదులు పచ్చి మామిడికాయ నాలుగు ముక్కలు, చేపల పులుసులో వేసినట్టే. వేడివేడి అన్నంలో ఈ కూర కలుపుకోని తింటే మా పిలకాయలు అది గుమ్మడికాయ అని కూడా కనిపెట్టలా, సొరకాయ అనుకోని తిన్నారు, నేనూ చెప్పలా. నీసు తినని ఇంట్లో రొయ్యల బదులు నానబెట్టిన పచ్చిశెనగపప్పు గుప్పెడు వేసుకోండి, లేదా దించే ముందు అర గ్లాసు కాచిన పాలు పోసి పాల కూర చేసుకోండి, పాలు పోసేదానికి మాత్రం చింతపండు వెయ్యబాకండి, విరిగిపోద్ది.

ఇప్పుడు ఆ తోలు. బాగా కడిగి ఒక స్పూన్ నూనెలో కరకరలాడేదాకా కాకపోయినా రంగు మారేదాకా వేయించండి, అదే బాండ్లిలో ఆరేడు పచ్చిమిరక్కాయలు, ఒక స్పూన్ నువ్వులు, ఒక స్పూన్ మినప్పప్పు, కొంచెం చింతపండు. రోట్లో ముందు మిరక్కాయలు, నువ్వులు, పప్పు, ఉప్పు, చింతపండు నూరి ఆ తర్వాత తోలు వేసి కచ్చాపచ్చాగా నూరండి, ఆఖర్న రెండు తెల్లగడ్డ పాయలు. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పండి, మెత్తటి పేస్ట్ అయితే బీరపొట్టు పచ్చడిలాంటి రుచి రాదు. తోలు గోరు దిగనంత గట్టిగా ఉంటే మాత్రం పచ్చడికి ప్రయత్నించబాకండి, చెక్క నమిలినట్టు ఉంటది, నేను చూశా.

పప్పులోకి కూడా నడీడు కాయ పనికొస్తది, పెద్దగా చెప్పేదేం లేదు, కందిపప్పు విడిగా కుక్కర్లో ఉడికించుకోని ముక్కలు బయట ఉడికించి కలపండి, రెండూ కలిపి కుక్కర్లో పెడితే ముక్క జావైపోద్ది.

ముదిరి పండని కాయలు నాకు మూడొచ్చాయి. ఇవి వెంటనే కొయ్యాల్సిన పని లేదు, కోసినా లోపల లేత పసుపే తప్ప తీపి ఉండదు. తొడిమ నాలుగు వేళ్ళ పొడవు ఉంచి, బురద కడక్కుండా తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, నేల మీద కాకుండా గోనెసంచి మీదో వరిగడ్డి మీదో ఒకదానికొకటి తగలకుండా పెట్టండి, గాలి ఆడే చోట. తోలు మీద గీత పడినా, గంటు పడినా ఆ కాయ ముందు వాడేసుకోండి, అది నిలవుండదు. నా మూడిట్లో ఒకదానికి రేకు గీసుకున్న గాటు ఉంది, చూసీ చూడనట్టు పక్కన పెట్టా, పది రోజులకి ఎత్తబోతే వేళ్ళు లోపలికి దిగాయి, ఆ కంపు రెండు రోజులు పోలా. గాటు పడ్డ కాయ వెంటనే పులుసు పెట్టేసుండాల్సింది.

ఆ పులుసు ఎట్టాగంటే, అర కేజీ పెద్ద ముక్కలు తోలు తీసి కొంచెం నూనెలో ఎర్రగడ్డ ముక్కలతో పాటు వేయించి, పెద్ద నిమ్మకాయంత చింతపండు రసం పల్చగా పోసి, ఉప్పు, పసుపు, కారం వేసి ముక్క ఉడికేదాకా తెర్లనివ్వండి, పావుగంట పైనే పడుద్ది, ముదురు కాయ కదా. పండిన గుమ్మడికాయ పులుసుకి బెల్లం చిటికెడు వేస్తే సరిపోద్ది, దీనికి మాత్రం చిన్న ఉసిరికాయంత వెయ్యాల, తీపి మొత్తం మనమే ఇవ్వాల కదా. బియ్యప్పిండి ఒక స్పూన్ నీళ్ళలో కలిపి పోసి చిక్కబడ్డాక మెంతులు, ఇంగువ తాలింపు. పూటకి పూట రుచి పెరుగుద్ది, రాత్రికి పెట్టి పొద్దున తినండి.

పిందెలు, కోసిన ముక్కలు ఫ్రిజ్‌లో నాలుగు రోజులకి మించి ఉంచబాకండి. నడీడు కాయ కోయకుండా నీడలో పెడితే వారం దాకా పర్లేదు, తర్వాత తోలు ముడత పడుద్ది. అందుకని వండే వరస చిన్నవాటి నించి పెద్దవాటికి పెట్టుకోండి, నేను పెద్దదాంతో మొదలుపెట్టి తప్పు చేశా.

ఇప్పుడు తుపాను రాకపోయినా నేను పిందెలు కోస్తా. తీగకి రెండు మూడు కాయలు పండడానికి వదిలేసి మిగతావి లేతగా ఉన్నప్పుడే కోసుకుంటే తీగ ఇంకా పిందెలు వేస్తానే ఉంటది, అన్నీ ముదరనిస్తే కొత్తవి వెయ్యడం తగ్గిస్తది. పిందెని వేలెత్తి చూపిస్తే కుళ్ళిపోద్దని మా అమ్మమ్మ చేతి మీద కొట్టేది, నేను చాన్నాళ్ళు నమ్మా. పిందె పసుపచ్చగా అయిపోయి రాలిపోతుందంటే చాలాసార్లు దానికి పుప్పొడి అందలేదని అర్థం, లేదంటే కాయ ఈగ కుట్టి లోపల పురుగు పడింది. వానల్లో తేనెటీగలు రావు కాబట్టి పొద్దున్నే ఆరు, ఏడు గంటల మధ్య మీరే మగపువ్వు తెంపి, రేకలు ఒలిచేసి, మధ్య కాడని ఆడపువ్వు లోపల నాలుగుసార్లు రుద్దండి. ఆడపువ్వుకి కింద చిన్న గుండు కాయ ఉంటది, మగపువ్వుకి ఉత్త కాడే. ఎండెక్కేసరికి పూలు ముడుచుకుంటాయి, ఇక చేసేదేం లేదు. ఈగ కుట్టిన పిందె మీద సూది పొడిచినట్టు చుక్క, దాని దగ్గర బంక కారి ఉంటది, అట్టాంటివి వెంటనే తెంపి కవర్లో కట్టి ఎండలో పడేయండి, పాదు దగ్గరే పారేస్తే ఆ పురుగులు మట్టిలోకి దిగి మళ్ళీ ఈగలై వస్తాయి.

ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీద పెట్టుకోవడానికి వీధిలో ఆడపిల్లలందరూ గుమ్మడి పూల కోసం మన గోడ దగ్గరికే వస్తారు కదా, కొయ్యనివ్వండి, కానీ మగపూలే కొయ్యమని చూపించండి. ఒకసారి నేను ఇంట్లో లేనప్పుడు వచ్చి కిందున్న కాయతో సహా తెంపుకుపోయారు, గొబ్బెమ్మ మీద పువ్వు, పువ్వు కింద పిందె, చూడటానికి అయితే బాగానే ఉంది, నాకు మాత్రం ఆ వేపుడే గుర్తొచ్చింది.

మూడు ముదురు కాయల్లో చివరిది సంక్రాంతి దాకా ఉంది, నలభై రోజులు. తోలు మీద పచ్చ పోయి అక్కడక్కడా గోధుమ రంగు తిరిగింది. పండక్కి అత్తమ్మ వచ్చింది, నిండు గుమ్మడికాయ ఆడోళ్ళు ముందు కొట్టకూడదని కొడుకుని పిలిచి ఒక దెబ్బ వేయించి, ఆ తర్వాత కత్తిపీట ముందు తనే కూర్చుంది. లోపల ఎర్రగా లేదు, పసుపుగా ఉంది, ఒక ముక్క నోట్లో వేసుకోని "కొంచెం తీపెక్కిందిలే, బెల్లం సగం వెయ్యి" అంది.